బండ ఎక్కే బుల్లెట్: మూలనపడ్డ పాత బండిని ట్రయల్స్‌కు సిద్ధం చేసుకోవడం ఎలా

చిత్తూరు నుంచి పలమనేరు పోయే దారిలో మా మేనమామకు మామిడి తోట ఉంది. అక్కడి మోటారు షెడ్డులో ఒక పాత బుల్లెట్ 350 పదహారేళ్లుగా గోడకు ఆనుకుని ఉండేది. టైర్లు నేలకు అతుక్కుపోయాయి. సీటులో ఎలుకలు పిల్లలు పెట్టాయి. సైలెన్సర్ మూతిలో కందిరీగలు మట్టిగూడు కట్టాయి. "ఎత్తకపో నాయనా, పాత ఇనప సామాన్లోడికి వేసేలోపల" అన్నాడు మామ. ట్రాక్టర్ ట్రాలీలో వేసుకుని ఇంటికి తెచ్చాను. ఇప్పుడది అదే తోట వెనకున్న ఏటవాలు బండ మీదికి, నేను కాలు కింద పెట్టకుండానే ఎక్కుతుంది. అన్నిసార్లూ కాదులెండి. ఈ మధ్యలో ఎనిమిది నెలల ఆదివారాలు పోయాయి. ఏ పని ఎప్పుడు చేయాలో, ఎక్కడ తప్పు చేశానో వరసగా చెప్తాను.

ముందు ట్రయల్స్ అంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఇది రేసు కాదు, వేగంతో పనే లేదు. రాళ్లు, వాగు, బురద, ఏటవాలు బండ మీదుగా ఒక ఇరుకు దారి గీస్తారు. అందులో కాలు నేలకు తగలకుండా పోవాలి. ఒకసారి కాలు పెడితే ఒక పాయింటు, రెండుసార్లకు రెండు, అంతకుమించి ఎన్నిసార్లు పెట్టినా మూడు. బండి ఆగినా, పడినా ఐదు. చివరికి ఎవరి లెక్క తక్కువైతే వాళ్లదే గెలుపు.

ఇప్పటి ట్రయల్స్ బండ్లు 70 కిలోల చుట్టుపక్కల ఉంటాయి. బుల్లెట్ 160 కిలోలు దాటుతుంది. అయినా దానితోనే ఎందుకంటే, ఈ ఆటకు బుల్లెట్ కొత్తది కాదు. 1948లో వెనక చక్రానికి స్వింగ్ ఆర్మ్ సస్పెన్షన్ పెట్టిన బుల్లెట్‌ను రాయల్ ఎన్‌ఫీల్డ్ మొదట బయటికి తెచ్చింది ఇంగ్లండులో ఒక ట్రయల్స్ పోటీకే. స్కాట్లాండులో ఆరు రోజులపాటు జరిగే స్కాటిష్ సిక్స్ డేస్ ట్రయల్‌ను జానీ బ్రిటన్ 1952లో ఒకసారి, 1957లో ఇంకోసారి రాయల్ ఎన్‌ఫీల్డ్ మీదే గెలిచాడు. 2019లో కంపెనీ మన దేశంలో బుల్లెట్ ట్రయల్స్ అనే పేరుతో 350, 500 మోడళ్లు తెచ్చింది ఆ పేరు గుర్తుపెట్టుకునే. అసలు గుట్టు ఇంజన్‌లో ఉంది. బోరు, అంటే సిలిండరు లోపలి వెడల్పు, 70 మిల్లీమీటర్లు. స్ట్రోకు, అంటే పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం, 90. పైగా తిరుగుడు ఆగనివ్వని బరువైన ఫ్లైవీల్ చక్రం. ఇలాంటి ఇంజన్ "దుగ్... దుగ్..." అని ఎంత నింపాదిగా తిరిగినా ఆగిపోదు. రాయి ఎక్కేటప్పుడు కావలసింది అదే.

అందుకే ఈ బండిని బాగుచేసేటప్పుడు ప్రతి పనినీ ఒకే ప్రశ్నతో చూశాను: నడిచే మనిషికంటే నెమ్మదిగా పోతున్నప్పుడు ఇది సరిగ్గా ఉంటుందా? షోరూంలో నిలబెట్టే బండి చేసేవాళ్లు పెయింటుతో మొదలుపెడతారు. మనం పెయింటుతో ముగిస్తాం, ఓపిక మిగిలితే.

కొనేముందు, తెచ్చుకునేముందు

మొదట చూడాల్సింది ఇంజన్‌ను కాదు, కాగితాలను. ఇంజన్ నంబరు, చాసిస్ నంబరు ఆర్‌సీలో ఉన్నవాటితో అక్షరం అక్షరం పోల్చండి. అంకెలు అరగదీసి కొట్టినట్టుంటే ఎంత చౌకైనా వద్దు. పేరు మార్పుకు ఫారం 29, 30 కావాలి. పదిహేనేళ్లు దాటిన బండికి ఫారం 25తో ఆర్‌సీ రెన్యూవల్ చేయించుకోవాలి, అది ఐదేళ్లకు వస్తుంది. బండి వయసు 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉంటే 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ కూడా ఉంది. నంబరులో వీఏ అనే అక్షరాలు వస్తాయి. కానీ ఆ నంబరుతో రోజూ ఊళ్లో తిరగడానికి లేదు, ప్రదర్శనలు, వింటేజ్ ర్యాలీల లాంటి వాటికి మాత్రమే. కాబట్టి ట్రయల్స్ కోసం మార్పులు చేసేవాళ్లకు అది కుదరదు.

అందుకే నేను పెట్టుకున్న నియమం ఒకటి: ఏ మార్పు చేసినా వెనక్కి తీసుకోగలిగేలా ఉండాలి. ఫ్రేములో ఒక్కచోట కూడా కోయలేదు, వెల్డింగ్ పెట్టలేదు. తీసేసిన మడ్‌గార్డులు, చీర గార్డు, క్రాష్ గార్డు, పెద్ద సీటు అన్నీ గోనెసంచిలో కట్టి అటకమీద పెట్టాను. రోడ్డు మీదికి రావాలంటే ఒక పూటలో తిరిగి బిగించుకోవచ్చు.

కాగితాలు సరే అనిపిస్తే బండి దగ్గరికి రండి. తుప్పు చూసి భయపడొద్దు. కిక్ కదలకపోయినా భయపడొద్దు. భయపడాల్సినవి మూడు: వంగిన ఫ్రేము, పగిలిన క్రాంక్‌కేసు (ఇంజన్ అడుగు గూడు), పగిలిన గేర్‌బాక్స్ గూడు. ఫ్రేము వంకర తెలుసుకోవడానికి వెనక నుంచి చూడండి. రెండు చక్రాల మధ్య ఒక కొబ్బరితాడు లాగి పట్టుకుంటే తేడా ఇట్టే తెలిసిపోతుంది.

విప్పడం

ఇక్కడ తొందరపడినవాళ్లే బండిని సంచుల్లో వేసి అమ్ముకుంటారు. ప్రతి భాగం విప్పకముందు ఒకటి, విప్పాక ఒకటి ఫొటో తీయండి. నట్లు, బోల్టులు ఎక్కడివి అక్కడే వేరువేరు డబ్బాల్లో వేసి పేరు రాయండి. మా ఇంట్లో ఆ ఆరు నెలలు ఊరగాయ సీసాకు కూడా "కుడి ఫుట్‌రెస్ట్" అని చీటీ అంటించి ఉండేది.

ఇంకో ముఖ్యమైన సంగతి స్పానర్లు. పాత బుల్లెట్‌లో నట్లన్నీ మిల్లీమీటర్ కొలతవి కావు. బ్రిటిష్ కొలతలవి చాలా ఉంటాయి, కొన్నిచోట్ల రెండూ కలిసి ఉంటాయి. 13 నంబరు స్పానర్ పెట్టి "కొంచెం లూజుగా ఉంది, ఫరవాలేదు" అనుకుని బలంగా తిప్పితే నట్టు తల గుండ్రమైపోతుంది. ఆ బ్రిటిష్ కొలతలకు సరిపోయే విట్‌వర్త్ స్పానర్ల సెట్టు ఒకటి కొనుక్కోండి. చెన్నై పుదుపేటలో పాతవి దొరుకుతాయి. తిరుపతి నుంచైనా చిత్తూరు నుంచైనా పొద్దున బయలుదేరి రాత్రికి తిరిగి రావచ్చు. బుల్లెట్ ఫ్యాక్టరీ పుట్టిందీ అక్కడి తిరువొత్తియూరులోనే కాబట్టి, పాత సామాను మనకంటే వాళ్ల దగ్గరే ఎక్కువ తిరుగుతుంటుంది.

కదలని నట్టుకు డీజిల్, గేర్ ఆయిల్ కలిపి పోసి రాత్రంతా వదిలేయండి. మరుసటి రోజు సుత్తితో తల మీద రెండు చిన్న దెబ్బలు వేసి, ముందు బిగించే వైపు ఒక వెంట్రుకవాసి తిప్పి, తర్వాత విప్పే వైపు తిప్పండి. అప్పటికీ రాకపోతే గ్యాస్ మంట చూపించాలి. పెట్రోల్ ట్యాంకు, కార్బొరేటర్ అప్పటికే ఇంకో గదిలో ఉండాలి సుమా.

తుప్పు: బెల్లం సీమ వైద్యం

తుప్పు వదిలించడానికి బజారులో యాసిడ్లు దొరుకుతాయి. శాండ్ బ్లాస్టింగ్ చేసేవాళ్లూ ఉన్నారు. నేను మాత్రం మొలాసిస్ వాడాను. చెరకు మడ్డి అన్నమాట, పశువుల దాణా అంగళ్లలో దొరికేది. ఒక వంతు మడ్డికి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి ప్లాస్టిక్ డ్రమ్ములో పోసి, గ్రీజు అంతా కడిగేసిన ఇనప సామాను అందులో ముంచాను. ఫుట్‌రెస్ట్ రాడ్లు, స్టాండు, ఫోర్కు కవర్లు, బ్రేకు పెడలు, చైన్ కవరు.

మొదటి వారం ఏమీ జరిగినట్టు అనిపించదు. మీద నురగ కడుతుంది, పులిసిన వాసన వస్తుంది, చీమలు వరస కడతాయి. పన్నెండో రోజు చెయ్యి పెట్టి స్టాండును పైకి తీశాను. మీద నల్లటి బురదలాంటి పొర. గొట్టం నీళ్లతో కొడితే ఆ పొర జారిపోయి, కింద బూడిదరంగు ఇనుము బయటపడింది. వెల్డింగ్ గీతలు, ఫ్యాక్టరీలో కొట్టిన చిన్న అంకె ఒకటి, అన్నీ కనపడ్డాయి. మడ్డి తుప్పును మాత్రమే తింటుంది, మంచి ఇనుము జోలికి అంతగా పోదు. అదీ దాని గొప్ప.

కానీ దానికి అల్యూమినియం తగలకూడదు, తినేస్తుంది. క్రాంక్‌కేసు, బ్రేకు ప్లేట్లు, కార్బొరేటర్ లాంటివి పొరపాటున కూడా ముంచొద్దు. బయటికి తీసిన ఇనుము మీద అరగంటలో మళ్లీ ఎర్రపొర మొదలవుతుంది. కడిగిన వెంటనే ఎండలో పెట్టి, వేడి తగ్గకముందే ప్రైమర్ కొట్టాలి లేదా నూనె పూయాలి.

ఈ డ్రమ్ము తోటలో పెట్టుకోవాలనుకుంటే పక్క చేను వాళ్లకు ముందే చెప్పండి. నేను చెప్పలేదు. మూడోరోజే నాటుసారా ఊట పెట్టాననే మాట ఊళ్లో పాకింది. నిజానికి తుప్పు, బెల్లం కలయిక మనవైపు కొత్తదేం కాదు. శ్రీకాళహస్తి కలంకారీలో నల్లరంగుకు వాడే కసిమి కూడా తుప్పు ఇనుమును, బెల్లాన్నీ నీళ్లలో నానబెట్టి తీసేదే.

ఇంజన్

పట్టేసిన ఇంజన్‌ను కిక్ మీద నిలబడి, ఎగిరి దూకి కదిలించాలని చూడొద్దు. లోపల రింగులు విరుగుతాయి, లేదా కిక్ పళ్లు పోతాయి. ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలోంచి అరగ్లాసు డీజిల్, ఆయిల్ మిశ్రమం పోసి నాలుగు రోజులు వదిలేయండి. తర్వాత నాలుగో గేర్‌లో వేసి, వెనక చక్రం పట్టుకుని ముందుకూ వెనక్కీ మెల్లగా ఊపండి. నాది ఐదోరోజు ఒక గోరంత కదిలింది. ఆ గోరంత చాలు, ఇక పని నడుస్తుంది.

హెడ్డు, సిలిండరు పైకి తీసేటప్పుడు ఒక చిన్న జాగ్రత్త. సిలిండరు పూర్తిగా లేచేలోపలే క్రాంక్‌కేసు మూతిలో శుభ్రమైన గుడ్డ కుక్కండి. పిస్టన్ పిన్ను లాక్ చిన్న తీగముక్క, ఎగిరి లోపల పడిందంటే దానికోసం మొత్తం ఇంజన్ విప్పాలి.

ఇప్పుడు పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్ పట్టుకోండి. నిట్టనిలువునా పైకీ కిందికీ లాగి చూస్తే "టక్" అనే ఆట ఏమాత్రం ఉండకూడదు. పక్కలకు కొంచెం ఊగితే ఫరవాలేదు. ఆ కాలపు బుల్లెట్‌లో రాడ్ కింద రోలర్ బేరింగు కాదు, ఫ్లోటింగ్ బుష్షు ఉంటుంది. ఆయిల్ సరిగా అందితే దశాబ్దాలు వస్తుంది, అందకపోతే ఒక్క ఎండాకాలంలో పోతుంది. ఆట ఉంటే క్రాంకు విప్పి ప్రెస్ చేయగలిగిన మంచి మెకానిక్ దగ్గరికి పోవాల్సిందే. ఇది ఇంట్లో చేసే పని కాదు, పంతానికి పోవద్దు.

సిలిండరు గోడల మీద గోరు పెట్టి గీస్తే పట్టుకునేంత గీతలుంటే రీబోర్ చేయించాలి, అంటే సిలిండరును కొంచెం పెద్దగా తొలిపించి దానికి తగ్గ పెద్ద పిస్టన్ వేయాలి. ఇక్కడే నేను దెబ్బతిన్నాను. నలభై సైజు (అసలుకంటే అంగుళంలో వెయ్యోవంతులు నలభై పెద్దది) పిస్టన్ ఆర్డరు పెట్టి, అది వచ్చేలోపల టైము కలిసొస్తుందని సిలిండరును ముందే ఒక లేత్ షాపులో ఇచ్చి నలభైకి బోర్ వేయించాను. పిస్టన్ వచ్చాక చూస్తే సిలిండరులో అది గలగలలాడింది. డబ్బా మీద రాసిన సైజు వేరు, పిస్టన్ అసలు కొలత వేరు. మళ్లీ అరవై సైజుకు పోవాల్సి వచ్చింది. అదే ఆఖరి సైజు, ఆ తర్వాత సిలిండరులో కొత్త గొట్టం (స్లీవ్) దించడమే. తప్పు లేత్ అతనిది కాదు, నాది. పిస్టన్ చేతికి వచ్చాక, మైక్రోమీటరుతో కొలిచాక, ఆ కొలతకే బోర్ వేయమని చెప్పాలి.

వాల్వులు గ్రైండింగ్ పేస్టుతో రుద్దడం ఓపిక పని, ఎవరైనా నేర్చుకోవచ్చు. అయిందో లేదో తెలియాలంటే హెడ్డును తిప్పి పెట్టి, పోర్టులో డీజిల్ పోయండి. పది నిమిషాల్లో వాల్వు అంచు చెమ్మగిల్లితే ఇంకా రుద్దాలి.

బిగించేటప్పుడు ట్యాపెట్ సెట్టింగు, అంటే వాల్వులను తెరిచే పుష్‌రాడ్ల సందు సరిచేయడం, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే చేయాలి. పిస్టన్ పైన, రెండు వాల్వులూ మూసుకుని ఉన్నప్పుడు, పుష్‌రాడ్‌ను వేళ్లతో తిప్పితే తేలిగ్గా తిరగాలి. కానీ పైకీ కిందికీ ఆట ఉండకూడదు. ఫీలర్ గేజ్ అవసరం లేదు, వేళ్లే గేజ్.

క్లచ్, చైన్‌కేసు

రోడ్డు బండిలో క్లచ్ గేరు మార్చడానికి. ట్రయల్స్ బండిలో క్లచ్ బండి నడపడానికి. ఒక వేలితో పట్టుకుని, రాయి మొదట్లో ఒక పిసరు వదిలి, పైకి పోయాక మళ్లీ లాగి, మొత్తం అక్కడే ఉంటుంది. కాబట్టి ఇంజన్‌కు పెట్టినంత శ్రద్ధ దీనికి పెట్టండి.

క్లచ్, ఇంజన్ నుంచి దానికి వచ్చే చైను ఉండే ఎడమవైపు చైన్‌కేసు మూతను పట్టుకుని ఉండేది మధ్యలోని ఒకే నట్టు. ఆయిల్ కారుతోందని దాన్ని మరింత బిగించడం అందరూ చేసే పని. దాంతో రేకు వంగి ఇంకా ఎక్కువ కారుతుంది. మూతను అద్దం మీద బోర్లించి చూడండి. అంచు ఎక్కడ లేచిందో అక్కడ చెక్క సుత్తితో సరిచేసి, కొత్త రబ్బరు సీలు వేస్తే మామూలు బిగింపు చాలు.

ఏళ్ల తరబడి ఆగిన బండిలో క్లచ్ ప్లేట్లు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. విడదీసి పెట్రోలుతో కడిగి, ఇనప ప్లేట్లను ఒక్కొక్కటిగా అదే అద్దం మీద పెట్టి ఊగుతోందేమో చూడండి. వంగినది ఒక్కటున్నా క్లచ్ పూర్తిగా విడవదు. మొదటి గేరులో క్లచ్ పట్టుకుని నిలబడినా బండి ముందుకు పాకుతూనే ఉంటుంది. బండ మీద అలా పాకితే పడిపోతాం. క్లచ్ డ్రమ్ము గాడుల్లో ప్లేటు చెవులు తిన్న గుంటలుంటాయి. సన్నటి ఆకురాయితో అన్నీ సమానంగా వచ్చేదాకా రుద్దాలి. బిగించాక లివర్ నొక్కుతూ పైప్లేటును గమనించండి. చంద్రవంకలా ఒకవైపే లేస్తుంటే ఎదురువైపు స్ప్రింగు స్క్రూను అరచుట్టు చొప్పున వదులుతూ సరిచేయండి.

చైన్‌కేసు తెరిచే ఉంది కాబట్టి గేర్‌బాక్స్ పళ్లచక్రం ఇప్పుడే మార్చేయండి. బుల్లెట్‌లో అది క్లచ్ వెనకాల దాగి ఉంటుంది. తర్వాత గుర్తొస్తే మళ్లీ ఇదంతా విప్పాలి. ఉన్నదానికంటే ఒకటి రెండు పళ్లు తక్కువది వేస్తే మొదటి గేరు ఎద్దుబండి నడకకు వస్తుంది. రోడ్డు మీద స్పీడు తగ్గుతుంది, తగ్గనివ్వండి. కొత్త కేబుల్ వేసేటప్పుడు హ్యాండిల్ పూర్తిగా ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి చూడండి. ఎక్కడైనా లాగుకుంటే దారి మార్చండి.

పాయింట్లు, కార్బొరేటర్

ఐడ్లింగ్ సరిగా లేదంటే అందరూ ముందు కార్బొరేటర్ మీద పడతారు. నేను ముందు పాయింట్ల దగ్గరికి, అంటే తెరుచుకుని ప్లగ్గులో స్పార్క్ పుట్టించే చిన్న స్విచ్ లాంటి కాంటాక్టుల దగ్గరికి పొమ్మంటాను. గ్యాపు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. 350కి టైమింగు, ఆటో అడ్వాన్సు (వేగం పెరిగేకొద్దీ స్పార్క్‌ను ముందుకు జరిపే బరువులు) వెనక్కి ఉన్న స్థితిలో, పిస్టన్ పైకి చేరడానికి 0.8 మిల్లీమీటర్ల ముందు పాయింట్లు తెరుచుకోవాలి. సిగరెట్ పెట్టెలోని పలచటి కాగితం పాయింట్ల మధ్య పెట్టి మెల్లగా లాగుతూ ఇంజన్ తిప్పితే, కాగితం జారిన క్షణమే తెరుచుకున్న క్షణం. ఆటో అడ్వాన్సు బరువులు తుప్పుపట్టి ఉంటాయి, స్ప్రింగులు సాగిపోయి ఉంటాయి. వాటిని చూడకుండా టైమింగు పెడితే బండి ఒకసారి నింపాదిగా, ఒకసారి పరుగుగా తిరుగుతుంది, కిక్ కొడితే కాలును ఎదురు తంతుంది.

కార్బొరేటర్‌లో నెమ్మది నడకంతా పైలట్ జెట్ చేతిలో ఉంటుంది. వెంట్రుకంత రంధ్రం. ఇనప తీగ పెట్టి పొడవకండి, రంధ్రం పెద్దదవుతుంది. చేపలు పట్టే నైలాన్ దారం, గాలి, అంతే. లోపల కదిలే స్లైడు గోడలకు తగిలి అరిగి వదులైతే ఎన్ని స్క్రూలు తిప్పినా ఐడ్లింగ్ నిలవదు, కార్బొరేటరే మార్చాలి. ఎయిర్ స్క్రూను మెల్లగా చివరిదాకా మూసి, ఒకటిన్నర చుట్టు విప్పి మొదలుపెట్టండి. ఇంజన్ బాగా వేడెక్కాక, శబ్దం ఎక్కడ వేగంగా, సమంగా ఉంటుందో అక్కడ ఆపి, తర్వాత స్లైడు స్క్రూతో వేగం తగ్గించండి. పాత గడియారం కొట్టుకున్నట్టు ఒక్కో దెబ్బ లెక్కపెట్టగలిగేలా తిరగాలి. అలా నిలిచి, ఉన్నట్టుండి యాక్సిలరేటర్ పావు వంతు తిప్పితే దగ్గకుండా అందుకోవాలి.

ట్యాంకు, చక్రాలు, కరెంటు

ట్యాంకులో తుప్పుకు వెనిగర్ పోసి, గుప్పెడు చిన్న నట్లు వేసి, ఒక రోజంతా అప్పుడప్పుడు ఊపుతూ ఉంచాను. తర్వాత వంటసోడా నీళ్లతో కడిగి, హెయిర్ డ్రయర్‌తో ఆరబెట్టి, వెంటనే నూనె తిప్పాను. వేసిన నట్లు లెక్కపెట్టి వేయండి, లెక్కపెట్టి తీయండి. కారుతున్న ట్యాంకుకు ఇంట్లో వెల్డింగ్ పెట్టే సాహసం వద్దు, ఖాళీ ట్యాంకులో ఆవిరే బాంబు. ఇప్పుడు బంకుల్లో ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వస్తోంది. పాత రబ్బరు పైపులను మెత్తబరుస్తుంది, గాల్లోని తేమను లాగుతుంది. పైపులు, ట్యాప్ వాషర్లు ఇథనాల్ తట్టుకునేవి వేయండి. నెలరోజులు నడపకపోతే ట్యాంకు ఖాళీ చేసి పెట్టండి.

ట్రయల్స్‌లో మామూలు టైరు సైజులు ముందు 2.75–21, వెనక 4.00–18. బుల్లెట్‌కు రెండువైపులా 19 అంగుళాల రిమ్ములు వచ్చేవి. నేను వెనక 18 అంగుళాల రిమ్ముకు కొత్త స్పోకులు అల్లించి బటన్ టైరు వేశాను, ముందుది 19లోనే ఉంచేశాను. రాళ్ల మీద టైరులో గాలి తక్కువ ఉండాలి, అప్పుడే రబ్బరు రాయిని కౌగిలించుకుంటుంది. నేను వెనక 12 పీఎస్‌ఐతో మొదలుపెట్టాను. అంత తక్కువ గాలితో టైరు రిమ్ము మీద జారి ట్యూబు వాల్వును తెంపుతుంది కాబట్టి రిమ్ముకు టైరును అదిమిపట్టే సెక్యూరిటీ బోల్టు తప్పనిసరి. రోడ్డెక్కేముందు మళ్లీ గాలి పట్టించుకోవాలి.

బ్రేకు డ్రమ్ములు గుండ్రంగా లేకపోతే లేత్‌లో పలచగా తిప్పించి, కొత్త లైనర్లు వేయించండి. కరెంటు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. పాత వైరింగు మొత్తం పీకి కొత్తది వేయండి, ఎలుక కొరికిన వైరుకు టేపు చుట్టే పని పెట్టుకోవద్దు. నాది 6 వోల్టుల బండి, ఆ బ్యాటరీకి చెన్నై దాకా పోవాల్సి వచ్చింది.

పెయింటుకు ఫ్రేము మీద నల్లది, ట్యాంకు మీద వెండిరంగు, స్ప్రే డబ్బాలతో నేనే కొట్టాను. ఎలాగూ బండ తగిలి గీతలు పడేదే.

నిలబడి నడిపే బండికి చిన్న మార్పులు

ట్రయల్స్‌లో కూర్చోరు. అందుకే ఫుట్‌రెస్టులు అరడుగు వెనక్కి రావాలి. దానికోసం ఉన్న రంధ్రాలకే బోల్టయ్యే ప్లేట్లు లేత్‌లో చేయించాను. హ్యాండిల్ వెడల్పుగా, ఎత్తుగా ఉండాలి. క్రాంక్‌కేసు కింద నాలుగు మిల్లీమీటర్ల అల్యూమినియం పలక కట్టండి. ఇది లేకుండా రాళ్ల జోలికి పోవద్దు, ఒక్క రాయితో క్రాంక్‌కేసు పగిలితే ఎనిమిది నెలలు పోయినట్టే.

మొదటి కిక్, మొదటి బండ

ఏళ్లుగా ఆగిన బుల్లెట్‌లో ఆయిల్ ట్యాంకులోని ఆయిల్ మెల్లగా క్రాంక్‌కేసులోకి జారిపోతుంది. కింద ప్లగ్గులు విప్పి పాతదంతా దించేసి, కొత్తది పోయండి. స్పార్క్ ప్లగ్గు తీసి నలభైసార్లు కిక్ కొట్టండి. హెడ్డు మీదికి పోయే సన్న పైపు బోల్టును కొంచెం వదులు చేస్తే ఆయిల్ ఊరుతూ కనపడాలి. కనపడనంతవరకు స్టార్ట్ చేయొద్దు. ఆ తర్వాత ఆమ్మీటరు ముల్లు మధ్యకు వచ్చేదాకా కిక్‌ను నెమ్మదిగా తొక్కి, సిలిండరులో ఒత్తిడి వదిలే డీకంప్రెసర్ లివర్ పట్టుకుని ఒక పిసరు దాటించి, వదిలి, పూర్తిగా కొట్టండి. నాది పదకొండో కిక్‌కు లేచింది. కందిరీగల మట్టిగూడు సైలెన్సర్‌లోంచి ఎర్రటి దుమ్ముగా ఎగిరి, ఆరేసిన మా ఆవిడ చీరల మీద పడింది. ఆ రోజు టెస్ట్ రైడ్ లేదు.

నడపడానికి చోటు ఎంచుకునేటప్పుడు తిరుపతి వాళ్లకు ముఖ్యంగా ఒక మాట. శేషాచలం కొండలు ఎంత నోరూరించినా అటువైపు పోవద్దు, అది రక్షిత అడవి, ఎర్రచందనం అడవి. సొంత పొలమో, తెలిసినవాళ్ల తోటో, యజమాని ఒప్పుకున్న బీడు బండో చూసుకోండి. మన జిల్లాల్లో బండలకు కరువేం లేదు.

మా తోట వెనక బండ మీద రెండు కొబ్బరితాళ్లు పరిచి ఆరడుగుల దారి గీశాను. ఎడమచేతివైపు గట్టు మీద మామ తుండుగుడ్డ పరుచుకుని కూర్చున్నాడు, లెక్క ఆయనది. మొదటి గేరు, నిలబడి, చూపు చక్రం మీద కాకుండా పైఅంచు మీద. మొదటిసారి సగంలో ఆగాను. ఐదు. రెండోసారి పడ్డాను. ఐదు. మూడోసారి క్లచ్‌ను తాకకుండా, యాక్సిలరేటర్ కదిలించకుండా, దుగ్ దుగ్ మంటూ దాన్నే పోనిచ్చాను. రెండుసార్లు కాలు పెట్టాను కానీ పైకి చేరాను. "రెండు" అన్నాడు మామ, వేళ్లు చూపిస్తూ. "రెండోది నేను చూడలేదనుకున్నావేమో."

ఇంటికొచ్చాక వేడి మీదే ఆయిల్ దించాను. అడుగున వెండిపొడిలాంటి మెరుపు సన్నగా ఉంది. కొత్త రింగులు కూర్చుంటున్నప్పుడు అంతమాత్రం మామూలే, ముక్కలు కనపడితేనే ఇంజన్ మళ్లీ తెరవాలి. ఆయిల్‌తోపాటు ఫెల్ట్ ఫిల్టరు కూడా మార్చేశాను. హెడ్డు నట్లు ఇంజన్ పూర్తిగా చల్లారాక మరుసటి పొద్దున ఎదురెదురుగా మళ్లీ బిగించాను, రెండు కొద్దిగా వదులయ్యాయి. వెనక చక్రంలో మూడు స్పోకులు తడితే మోగడం లేదు, వదులయ్యాయి, వాటినీ లాగించాలి. కుడి ఫుట్‌రెస్టు ప్లేటు పడ్డప్పుడు వంగింది. వచ్చే ఆదివారం కొలిమి దగ్గరికి తీసుకుపోవాలి.